మూత్రపిండం ఒక పొర నుంచి, మూత్రాశయం ఇంకో పొర నుంచి ఎందుకు వచ్చాయి?

మీ ప్రశ్న సారాంశం ముందు చెప్తాను, మిగతావాళ్లకూ ఉపయోగపడుతుంది. మీరు నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నారు. పిండంలో మూడు పొరలుంటాయి, ఎక్టోడెర్మ్ నుంచి చర్మం, నాడులు వస్తాయి, మీసోడెర్మ్ నుంచి కండరాలు, ఎముకలు, రక్తం వస్తాయి, ఎండోడెర్మ్ నుంచి పేగులు, కాలేయం, ఊపిరితిత్తులు వస్తాయి అని పట్టిక బట్టీ పట్టారు. అయినా ఇంటర్నల్ పరీక్షలో మూడు ప్రశ్నలు పోయాయి. మూత్రపిండం, మూత్రాశయం పక్కపక్కన పనిచేసేవైనా వేర్వేరు పొరలవి. మూత్రపిండం మీద ఉండే ఎడ్రినల్ గ్రంథి ఒక్కటే అయినా రెండు పొరలది. కంటిపాపను చిన్నగా చేసే కండరం మీసోడెర్మ్‌ది కాదు. "ఇన్ని మినహాయింపులుంటే ఇక ఈ పట్టిక దేనికి?" అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా మెడికల్ కాలేజీలో అనాటమీ చెబుతున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. నా జవాబు ఇది: ఇవి మినహాయింపులు కావు. పట్టికలో అవయవాల పేర్లు రాయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. పొరల నుంచి అవయవాలు రావు, కణజాలాలు వస్తాయి. దాదాపు ప్రతి అవయవమూ రెండు మూడు పొరలు కలిసి కట్టుకున్నదే. పేగునే తీసుకోండి. లోపలి మెత్తటి పూత ఎండోడెర్మ్‌ది, దాన్ని చుట్టిన కండరం, రక్తనాళాలు మీసోడెర్మ్‌వి, ఆ కండరానికి ఎప్పుడు ముడుచుకోవాలో చెప్పే నాడీకణాలు ఎక్టోడెర్మ్ నుంచి వలస వచ్చినవి. "పేగు ఎండోడెర్మ్" అని రాస్తే మార్కు రావచ్చు, కానీ మీకు అర్థమైంది పేగులో ఒక్క పూత మాత్రమే.

ఇక మొదటి నుంచి వెళ్దాం. ఫలదీకరణం జరిగిన ఐదో రోజుకు పిండం బ్లాస్టోసిస్ట్ దశలో, అంటే లోపల ద్రవం నిండిన కణాల బంతిలా ఉంటుంది. ఆరేడు రోజులకు గర్భాశయపు గోడకు అంటుకోవడం మొదలవుతుంది. రెండో వారంలో అది రెండు పలుచటి పొరల గుండ్రటి పళ్లెం. పైది ఎపిబ్లాస్ట్, కిందది హైపోబ్లాస్ట్. చాలామంది ఈ కింది పొరే తర్వాత ఎండోడెర్మ్ అవుతుందనుకుంటారు. అది తప్పు. మూడు పొరలూ ఎపిబ్లాస్ట్ నుంచే వస్తాయి.

ఇది మూడో వారంలో జరుగుతుంది. దాదాపు పదిహేనో రోజున ఎపిబ్లాస్ట్ మీద, తోక కాబోయే వైపు నుంచి మధ్య దాకా, ఒక గాడి కనిపిస్తుంది. దాన్ని ప్రిమిటివ్ స్ట్రీక్ అంటారు. ఎపిబ్లాస్ట్ కణాలు పక్కవాటితో ఉన్న పట్టు వదిలేసి ఈ గాడి వైపు జరిగి, అందులోంచి లోపలికి దిగుతాయి. ముందు దిగినవి హైపోబ్లాస్ట్‌ను పక్కకు నెట్టి ఎండోడెర్మ్ అవుతాయి. తర్వాత దిగినవి మధ్యలో పరుచుకుని మీసోడెర్మ్ అవుతాయి. దిగకుండా పైనే ఉండిపోయినవి ఎక్టోడెర్మ్. ఈ ప్రక్రియే గాస్ట్రులేషన్. దీని ముందు శరీరానికి తల ఎటో తోక ఎటో, కుడి ఏదో ఎడమ ఏదో లేదు. దీని తర్వాత ఉంటుంది. మానవ పిండాల మీద ల్యాబ్ పరిశోధనకు పద్నాలుగు రోజుల హద్దు చాలా దేశాల్లో ఉంది. మన ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లోనూ ఉంది. ఆ హద్దు పెట్టడానికి ఆధారం ఈ గాడే.

గమనించండి, ఒక కణం ఏ పొరకు చెందుతుందో అది ఎప్పుడు దిగింది, గాడిలో ఏ చోట నుంచి దిగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. పొర అంటే ఒక చిరునామా. ఆ చిరునామాలో ఉన్నందువల్ల ఎవరు పొరుగున ఉన్నారు, వాళ్ల నుంచి ఏ రసాయన సంకేతాలు అందుతున్నాయి అన్నది తర్వాతి కథను నడిపిస్తుంది.

పొరుగు ప్రభావం ఎంత బలమైనదో 1924లో జర్మనీలో హిల్డే మాంగోల్డ్, హాన్స్ స్పెమాన్ చూపించారు. న్యూట్ అంటే తోక ఉన్న ఒక ఉభయచరం. లేత రంగు న్యూట్ పిండంలో, కణాలు లోపలికి దిగే రంధ్రపు పై అంచును (దీన్ని పైపెదవి అంటారు) కోసి, ముదురు రంగు జాతి న్యూట్ పిండానికి పొట్ట వైపు అతికించారు. అక్కడ రెండో శరీరపు అక్షం పుట్టింది, దాని నాడీనాళంతో (మెదడు, వెన్నుపాము అయ్యే నాడీ గొట్టంతో) సహా. ఆ రెండో నాడీనాళంలో ఎక్కువ కణాలు ముదురు రంగువి, అంటే ఆతిథ్యం ఇచ్చిన పిండానివి. మామూలుగా పొట్ట చర్మం కావలసిన కణాలు, పొరుగున ఎవరో వచ్చి చెప్పినందువల్ల మెదడు వైపు మళ్లాయి. 1935లో స్పెమాన్‌కు నోబెల్ వచ్చింది. ప్రయోగాలను తన చేతుల మీదుగా చేసిన మాంగోల్డ్ 1924లోనే, పాతికేళ్ల వయసులో, ప్రమాదంలో చనిపోయారు. ఆమె పేరు క్లాసులో చెప్పకుండా ఈ పాఠం ముగించడం నాకు ఇష్టం ఉండదు.

ఆ సంకేతాలు ఏమిటో ఇప్పుడు తెలుసు. ఎక్టోడెర్మ్‌లో బీఎంపీ అనే ప్రోటీన్ ప్రభావం ఎక్కువగా ఉన్న చోట చర్మం తయారవుతుంది. మధ్య గీత వెంబడి కింద ఉన్న మీసోడెర్మ్, అందులోంచి వచ్చే నోటోకార్డ్ (వెన్ను మధ్యగా సాగే కడ్డీ లాంటి కణజాలం), నోగిన్, కార్డిన్ అనే ప్రోటీన్లు వదిలి బీఎంపీని అడ్డుకుంటాయి. అడ్డుకున్న చోట ఎక్టోడెర్మ్ మందమై నాడీ ఫలకం అవుతుంది. అంటే ఒకే పొరలో పక్కపక్కన ఉన్న కణాల్లో కొన్ని చర్మం, కొన్ని మెదడు అవడానికి కారణం కింది పొర నుంచి అందిన మాట.

నాలుగో వారంలో ఇంకో పెద్ద మార్పు. అప్పటి దాకా పిండం బల్లపరుపుగా ఉంది. ఇప్పుడు రెండు పక్కల అంచులూ, తల, తోక కొసలూ కిందికి ఒంగుతాయి. చాప అంచులు రెండూ కిందికి చుట్టి కలిపితే పైవైపు బయటికి, అడుగువైపు లోపలికి వస్తుంది కదా, అలాగే ఎక్టోడెర్మ్ ఒంటి మీది కప్పు అవుతుంది, ఎండోడెర్మ్ లోపల గొట్టం అవుతుంది, మధ్యలో మీసోడెర్మ్ ఉంటుంది. ఆ లోపలి గొట్టమే ఆదిమ ఆహారనాళం. ఊపిరితిత్తులు, థైరాయిడ్, కాలేయం, పిత్తాశయం, క్లోమం అన్నీ ఆ గొట్టం నుంచి మొగ్గలుగా బయటికి వచ్చినవి. ఊపిరితిత్తులు, పేగులు ఒకే పొర ఎందుకయ్యాయో వేరే గుర్తు పెట్టుకోనక్కర్లేదు. రెండూ ఒకే గొట్టం. అన్నవాహికకూ శ్వాసనాళానికీ మధ్య గోడ సరిగా కట్టకపోతే పుట్టే ట్రేకియో ఈసోఫేజియల్ ఫిస్టులా బిడ్డలను నియోనేటల్ ఐసీయూ డ్యూటీలో చూస్తారు. తొలి పాలు పట్టగానే దగ్గి, నీలంగా మారే బిడ్డను చూస్తే ఈ గొట్టమే మనసులో రావాలి.

గొట్టంలోంచి వచ్చిన మొగ్గ ఒంటరిగా అవయవం కాలేదు. కాలేయపు మొగ్గ సెప్టమ్ ట్రాన్స్‌వర్సమ్ అనే మీసోడెర్మ్ దిమ్మెలోకి పెరుగుతుంది. కాలేయ కణాలు ఎండోడెర్మ్‌వి, వాటిని పట్టి ఉంచే కణజాలం మీసోడెర్మ్‌ది. ప్లీహం పరిస్థితి వేరు. పొట్ట పక్కనే ఉంటుంది కాబట్టి విద్యార్థులు ఎండోడెర్మ్ అంటారు. అది గొట్టం నుంచి మొగ్గ తొడగలేదు, గొట్టాన్ని వేలాడదీసిన మీసోడెర్మ్ పొరలో పుట్టింది. స్థలం చూసి పొర చెప్పొద్దు, ఎక్కడ మొదలైందో చూసి చెప్పండి.

మీసోడెర్మ్‌ను మధ్య గీత నుంచి పక్కకు మూడు పట్టీలుగా ఊహించుకోండి. నోటోకార్డ్‌కు ఆనుకుని ఉన్నది పారాయాక్సియల్. ఇది ముక్కలు ముక్కలుగా విడిపోయి సోమైట్లు అవుతుంది. మొదటి జత దాదాపు ఇరవయ్యో రోజున వస్తుంది, ఐదో వారం చివరికి 42 నుంచి 44 జతలు. వెన్నుపూసలు, పక్కటెముకలు, వెన్ను కండరాలు, వీపు చర్మపు లోపలి పొర వీటివే. కాళ్లు చేతుల ఎముకలు, గుండె, రక్తనాళాలు, పేగు కండరం బయటి పట్టీ, అంటే లాటరల్ ప్లేట్ నుంచి వస్తాయి. గుండె ఇరవై రెండో రోజు ప్రాంతంలో కొట్టుకోవడం మొదలుపెడుతుంది.

మధ్య పట్టీ పేరు ఇంటర్మీడియట్ మీసోడెర్మ్. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. మూత్రపిండం ఈ పట్టీలో మూడు విడతలుగా ప్రయత్నించి పుడుతుంది. మొదట మెడ దగ్గర ప్రోనెఫ్రోస్ వచ్చి పోతుంది. తర్వాత మీసోనెఫ్రోస్ కొన్ని వారాలు పనిచేస్తుంది, దాని నాళం తోక వైపు దిగి ఎండోడెర్మ్ గొట్టపు చివర ఉన్న క్లోయెకాలో తెరుచుకుంటుంది. ఐదో వారంలో ఆ నాళం చివర నుంచి ఒక మొగ్గ పుట్టి, దగ్గరలో ఉన్న మీసోడెర్మ్ గుంపులోకి చొచ్చుకుపోతుంది. ఆ గుంపు జీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ వదిలి మొగ్గను పిలుస్తుంది, మొగ్గ మీద ఉన్న ఆర్ఈటీ అనే గ్రాహకం ఆ పిలుపు అందుకుంటుంది. మొగ్గ కొమ్మలు వేసి మూత్రాన్ని కిందికి తెచ్చే యూరేటర్, మూత్రపిండం లోపలి పెల్విస్, సేకరణ నాళాలు అవుతుంది. గుంపు రక్తాన్ని వడపోసే నెఫ్రాన్లు అవుతుంది. ఈ రెండూ కలవకపోతే ఆ వైపు మూత్రపిండమే ఉండదు. తర్వాత కటి ప్రాంతంలో పుట్టిన మూత్రపిండాలు నడుము పైకి ఎక్కుతాయి. రెండూ కింద అంటుకుపోతే ఇన్ఫీరియర్ మీసెంటెరిక్ ధమని దగ్గర ఆగిపోయి గుర్రపు నాడా ఆకారంలో ఉండిపోతాయి.

మూత్రాశయం మాత్రం క్లోయెకా నుంచి వచ్చింది. క్లోయెకా అంటే ఆహారనాళపు చివరి సంచి, ఎండోడెర్మ్ పూత ఉన్నది. నాలుగు నుంచి ఏడు వారాల మధ్య ఒక గోడ దిగి దాన్ని రెండు చేస్తుంది. వెనకది రెక్టమ్ (పురీషనాళం), ముందుది యూరోజెనిటల్ సైనస్. ఆ ముందు సంచే మూత్రాశయం. అంటే మూత్రాశయానికి పుట్టుకలో దగ్గరి చుట్టం మూత్రపిండం కాదు, రెక్టమ్. ఆ గోడ సగంలో ఆగిపోతే మలద్వారం మూసుకుపోయి రెక్టమ్ మూత్రమార్గంలోకి తెరుచుకున్న బిడ్డలు పుడతారు. బిడ్డ పుట్టగానే మలద్వారం ఉందో లేదో చూడమని లేబర్ రూమ్‌లో చెప్పేది ఇందుకే.

ఇక్కడే ఒక అడుగు కిందికి దిగుదాం, మీకు డ్యూటీలో రోజూ పనికొస్తుంది. మలద్వార నాళంలో పెక్టినేట్ గీత ఉంటుంది. దానికి పైన ఎండోడెర్మ్, కింద ఎక్టోడెర్మ్. పైభాగానికి నొప్పి తెలిపే నాడులు పేగుల కోవవి, కోత నొప్పి తెలియదు. కింది భాగానికి చర్మానికి వచ్చే నాడి వస్తుంది, సూదిమొన కూడా తెలుస్తుంది. అందుకే లోపలి మొలలు నొప్పి లేకుండా రక్తం కారుస్తాయి, బయటి మొలల్లో రక్తం గడ్డకడితే రోగి కూర్చోలేడు. మొలకు కట్టే రబ్బర్ బ్యాండ్ గీతకు పైన వేస్తే మత్తు లేకుండా కుదురుతుంది, కింద వేస్తే రోగి కేక పెడతాడు. లింఫ్ కూడా పైది కడుపులోపలి గ్రంథులకు, కిందది గజ్జల్లోని గ్రంథులకు పోతుంది. పిండంలో ఏ పొర ఎక్కడ ముగిసిందన్నది అరవయ్యేళ్ల రోగి నొప్పిలో కనిపిస్తోంది.

రెండో ప్రశ్న ఎడ్రినల్. దీనికి న్యూరల్ క్రెస్ట్ తెలియాలి. నాడీ ఫలకం అంచులు పైకి లేచి కలిసి గొట్టం అవుతున్నప్పుడు, ఆ అంచుల్లోని కణాలు విడిపోయి శరీరమంతా బయలుదేరతాయి. పుట్టుక ఎక్టోడెర్మ్, నడక మీసోడెర్మ్‌లా. ఇవి చేసే పనులు ఎంత విస్తారమంటే దీన్ని నాలుగో పొర అనే శాస్త్రవేత్తలూ ఉన్నారు. చర్మానికి రంగునిచ్చే కణాలు, ముఖంలో చాలా ఎముకలు, పంటిలో డెంటిన్, నాడులకు తొడుగు వేసే ష్వాన్ కణాలు, గుండె నుంచి వచ్చే రెండు పెద్ద నాళాలను విడదీసే గోడ, అన్నీ వీటివే. ఎడ్రినల్ బయటి పొర, అంటే కార్టెక్స్, మూత్రపిండానికి దగ్గర్లోని మీసోడెర్మ్ నుంచి ముందే ఏర్పడుతుంది. ఆ తర్వాత క్రెస్ట్ కణాలు దాని లోపలికి వచ్చి మెడుల్లా అవుతాయి. కార్టెక్స్ స్టెరాయిడ్ హార్మోన్లు చేస్తుంది, మెడుల్లా నాడీకణాల వారసత్వంతో ఎడ్రినలిన్ చేస్తుంది. ఒక తొడుగులో ఇద్దరు కాపురం ఉంటున్నారు కాబట్టే పిల్లల్లో న్యూరోబ్లాస్టోమా (క్రెస్ట్ కణాల క్యాన్సర్) మెడుల్లాలో వస్తుంది, కార్టెక్స్‌లో రాదు.

ఈ కణాల ప్రయాణం ఆగిపోతే ఏమవుతుందో చూడాలంటే హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి చూడండి. దాదాపు 5000 జననాల్లో ఒకరికి ఉంటుంది. మెడ వైపు నుంచి క్రెస్ట్ కణాలు ఆహారనాళం గోడలోకి దిగి, కింది కొస దాకా నడిచి వెళ్లాలి. ప్రయాణం మధ్యలో ఆగిపోతే చివరి భాగానికి నాడీకణాలు ఉండవు, ఆ భాగం వదులవదు, పైన పేగు ఉబ్బుతుంది. నాడీకణాలు లేని ఆ భాగంలో రెక్టమ్ ఎప్పుడూ చేరే ఉంటుంది, ఎందుకంటే చివరి మజిలీ అదే. పుట్టిన బిడ్డ మొదటి 48 గంటల్లో నల్లటి తొలి విరేచనం చేయకపోతే దీన్ని అనుమానిస్తారు. ఇక్కడ ఒక సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే: ఈ కణాలను కిందికి నడిపించేది కూడా జీడీఎన్ఎఫ్, ఆర్ఈటీ జంటే, మూత్రపిండంలో మొగ్గను పిలిచిన ఆ జంట. ఆర్ఈటీ జన్యువులో మార్పులు హిర్ష్‌స్ప్రంగ్‌కు ప్రధాన కారణాల్లో ఒకటి. వేర్వేరు పొరల్లో, వేర్వేరు అవయవాల్లో శరీరం అవే కొన్ని సంకేతాలను మళ్లీ మళ్లీ వాడుకుంటుంది.

మూడోది కంటిపాప. కన్ను అన్ని పొరల కలయికకు మంచి నమూనా. రెటీనా మెదడు నుంచి బయటికి వచ్చిన సంచి, కాబట్టి నాడీ ఎక్టోడెర్మ్. ఆ సంచి చర్మానికి తగిలిన చోట చర్మం మందమై లోపలికి ఒదిగి లెన్స్ అయింది, అది చర్మపు ఎక్టోడెర్మ్. కార్నియా పైపొర చర్మపు ఎక్టోడెర్మ్, లోపలి రెండు పొరలు క్రెస్ట్. గుడ్డును తిప్పే బయటి కండరాలు మీసోడెర్మ్. కంటిపాపను చిన్నగా, పెద్దగా చేసే రెండు కండరాలు మాత్రం రెటీనా సంచి ముందు అంచు నుంచే పుడతాయి. "కండరం అంటే మీసోడెర్మ్" అని గుడ్డిగా రాసేవాళ్లను పట్టుకోవడానికి ఈ ప్రశ్న అడుగుతారు. పిట్యూటరీ కూడా ఇలాగే, ముందు భాగం నోటి పైకప్పు నుంచి పైకి వచ్చిన రాథ్కీ సంచి, వెనక భాగం మెదడు నుంచి కిందికి దిగినది. రెండూ ఎక్టోడెర్మే, కానీ వచ్చిన దారులు వేరు.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సిన ఒక విషయం ఉంది, అది మీరు రేపు యాంటీనేటల్ క్లినిక్‌లో తల్లులకు చెప్పాల్సింది. నాడీ గొట్టం ఇరవై రెండో రోజు మూసుకోవడం మొదలై, తల వైపు ఇరవై ఐదో రోజుకు, తోక వైపు ఇరవై ఎనిమిదో రోజుకు పూర్తవుతుంది. ఇవి ఫలదీకరణ నుంచి లెక్క. స్కానింగ్ రిపోర్టులో వారాలు ఆఖరి నెలసరి నుంచి లెక్కిస్తారు, అది దాదాపు రెండు వారాలు ఎక్కువ చూపిస్తుంది. అంటే నెలసరి తప్పి రెండు వారాలయ్యేసరికి గొట్టం మూతపడి ఉంటుంది, లేదా తెరిచి ఉండిపోయి ఉంటుంది. అప్పటికి చాలామంది తల్లులు డాక్టరు దగ్గరికే రారు. అందుకే ఫోలిక్ ఆసిడ్ గర్భం దాల్చక ముందే, కనీసం నెల ముందు నుంచి, రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టి మూడో నెల దాకా వాడాలి. ఇంతకు ముందు పుట్టిన బిడ్డకు గొట్టం మూసుకోని ఈ లోపం ఉంటే డాక్టరు చెప్పిన పెద్ద మోతాదు. అలాంటి తల్లుల్లో 1991లో బ్రిటన్ ఎంఆర్‌సీ (మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్) ట్రయల్ 72 శాతం తగ్గుదల చూపింది. మూడో నెలలో మొదలుపెట్టిన మాత్ర రక్తహీనతకు మంచిదే, నాడీ గొట్టానికి మాత్రం ఆలస్యమైపోయింది. అదుపులో లేని షుగర్ కూడా ఈ వారాల్లోనే దెబ్బ కొడుతుంది, నాడీ గొట్టానికీ గుండెకీ. షుగర్ ఉన్న అమ్మాయికి పెళ్లైన మొదట్లోనే ఈ మాట చెప్పాలి.

ఆ ఫోలిక్ ఆసిడ్‌ను 1945లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే బృందం ఫోలిక్ ఆసిడ్‌కు వ్యతిరేకంగా పనిచేసే ఎమినోప్టెరిన్‌నూ తయారు చేసింది. పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా తగ్గించిన తొలి మందు అది. వేగంగా విభజన చెందే కణాలకు ఫోలేట్ కావాలి. మూడు నాలుగు వారాల పిండంలో అంతకన్నా వేగంగా విభజన చెందేవి ఏముంటాయి? అందుకే ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ వాడే కీళ్ల రోగులు గర్భం కోరుకుంటే ముందే ఆ మందు ఆపాలి.

మీ ఆఖరి సందేహం: "కార్సినోమా అంటే ఎక్టోడెర్మ్, ఎండోడెర్మ్ క్యాన్సర్, సార్కోమా అంటే మీసోడెర్మ్ క్యాన్సర్ అని నోట్స్‌లో ఉంది, నిజమేనా?" అలా రాయొద్దు. కార్సినోమా అంటే ఎపిథీలియం (ఉపరితలాలనూ గొట్టాలనూ కప్పే పూత కణజాలం) నుంచి వచ్చినది, పొర ఏదైనా సరే. మూత్రపిండపు గొట్టాల ఎపిథీలియం మీసోడెర్మ్‌ది, దాని క్యాన్సర్ పేరు రీనల్ సెల్ కార్సినోమా. గర్భాశయం లోపలి పూత కూడా మీసోడెర్మ్ నాళం నుంచే వచ్చింది, అదీ కార్సినోమానే.

పరీక్షకు పట్టిక వదిలేసి, తెల్ల కాగితం మీద నాలుగో వారపు పిండం అడ్డుకోత ఒక్కటి గీయండి. పైన నాడీ గొట్టం, దాని కింద నోటోకార్డ్, రెండు పక్కలా సోమైట్, దాని పక్కన ఇంటర్మీడియట్ పట్టీ, ఆ పక్కన రెండుగా చీలిన లాటరల్ ప్లేట్, మధ్యలో పేగు గొట్టం, చుట్టూ చర్మం. నాడీ గొట్టం పై మూలల్లో క్రెస్ట్ కణాలు చుక్కలుగా పెట్టండి. ఏ అవయవం అడిగినా అందులో ఏ భాగం ఈ బొమ్మలో ఎక్కడి నుంచి వచ్చిందో వేలు పెట్టి చూపించుకోండి. డిగ్రీ జువాలజీ ల్యాబ్‌లో 33, 48 గంటల కోడి పిండం స్లైడ్లు దొరుకుతాయి, వీలైతే ఒకసారి మైక్రోస్కోప్‌లో చూడండి. 1817లో పాండర్ ఈ పొరలను మొదట గుర్తించింది కోడి పిండంలోనే. ఆ స్లైడ్‌లో సోమైట్లు వరసగా కనిపిస్తాయి, మీరే లెక్కపెట్టొచ్చు.